వేలూరు డాక్టరమ్మ

రాజపాళయంలోని తెలుగు పిల్లలకు సంజీవి కొండను గూర్చి వేరే చెప్పనక్కరలేదు. హనుమంతుడు మోసుకొని వచ్చిన సంజీవి పర్వతంలోని ఒక ముక్క అక్కడ పడిందని పెద్దలు కథగా చెబుతారు. ఆ కథలో మందు ఎప్పటి నుండో కొండ మీదనే ఉన్నది. కాని దానిని తెచ్చి లక్ష్మణునికి అందించే చేయి కావలసి వచ్చింది. మందు ఉన్నంత మాత్రాన చాలదు. అది మనిషికి అందాలి. తమిళనాడు ఉత్తరపు కొసన ఉన్న వేలూరులో ఈ సత్యాన్ని గ్రహించి, తన జీవితమంతా అందుకే వినియోగించిన స్త్రీ డాక్టర్ ఐడా స్కడ్డర్.

ఐడా 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించింది. ఆమె తాత జాన్ స్కడ్డర్ అమెరికా నుండి మన దేశానికి వచ్చిన క్రైస్తవ మిషనరీ వైద్యుడు. తండ్రి కూడా వైద్యుడే. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశాన్ని పీడించిన గొప్ప కరువును ఐడా పసితనంలోనే చూసింది. ఆకలితో బక్కచిక్కిన పిల్లల రూపాలు ఆమె మనసును కలచివేశాయి. తరువాత ఆమె చదువు కోసం అమెరికా వెళ్ళింది. అక్కడనే స్థిరపడి సుఖంగా బ్రతకాలని, తాతతండ్రుల వలె మిషనరీ కారాదని ఆమె కోరుకున్నది.

1890లో తల్లికి జబ్బు చేయడం వలన ఐడా తిండివనం వచ్చింది. కొద్దికాలం ఉండి తిరిగి వెళ్ళాలని ఆమె ఉద్దేశం. అక్కడ ఉన్న రోజులలో ఒకనాటి రాత్రి, ఒకరి తరువాత ఒకరుగా ముగ్గురు పురుషులు ఆ ఇంటి తలుపు తట్టారు. వారిలో ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, మూడవవారు మరొక హిందూ కుటుంబంవారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టమై ప్రాణాపాయంలో ఉన్నారు. ఐడా తన తండ్రిని తీసుకొని వెళ్ళమని వేడుకున్నది. పరపురుషుడు తమ ఇంటి స్త్రీని తాకరాదని వారు వెనుదిరిగారు. వారు కోరినది ఆమె సహాయాన్ని. కాని ఆమెకు వైద్యం తెలియదు. తెల్లవారేసరికి ఆ ముగ్గురు స్త్రీలూ కన్నుమూశారు. ఇంటిలో వైద్యుడు ఉన్నాడు, మందులు ఉన్నాయి. అయినా ఆ తల్లులకు అవి అందలేదు. ఆ రాత్రి ఐడా నిర్ణయం మారిపోయింది.

ఆమె అమెరికాకు తిరిగి వెళ్ళి వైద్యవిద్యలో చేరింది. 1899లో కార్నెల్ విశ్వవిద్యాలయం నుండి పట్టభద్రురాలైంది. న్యూయార్క్‌లోని షెల్ అనే ధనికుడు తన భార్య జ్ఞాపకార్థం ఆసుపత్రి కట్టడానికి 10,000 డాలర్లు ఇచ్చాడు. ఆ ధనంతో ఐడా 1900లో వేలూరు చేరింది. కొద్ది నెలలకే ఆమె తండ్రి మరణించాడు. అనుభవం గల మార్గదర్శి లేకపోయినా ఆమె వెనుకంజ వేయలేదు. ఇంటిలోని చిన్న గదిలోనే రోగులను చూడసాగింది. 1902లో 40 పడకల ఆసుపత్రి సిద్ధమైంది.

ఆసుపత్రి కట్టిన మాత్రాన రోగులందరూ రాగలరా? దూరపు పల్లెలవారికి నడిచి వచ్చే శక్తి లేదు. కూలి మానుకొంటే పూట గడవదు. అందుచేత ఐడా తానే వారి దగ్గరకు బయలుదేరింది. మొదట ఎద్దుబండి, ఆ తరువాత మోటారు కారు ఆమె వాహనాలు. మోటారును ఎన్నడూ ఎరుగని పల్లెజనం దానిని చూచి భయపడి పరుగెత్తారట! వారానికి ఒకసారి ఆమె గుడియాత్తం బాట పట్టేది. దారి పొడవునా చెట్ల నీడన రోగులు వేచి ఉండేవారు. ఆ నీడయే ఆసుపత్రి గది. పుండ్లకు కట్లు కట్టడం, కళ్ళకు మందు వేయడం, కుష్ఠురోగులను చూడడం అన్నీ అక్కడనే జరిగేవి. ఆ ప్రాంతానికి ఆనుకొని ఉన్నదే మన తెలుగువారి చిత్తూరు సీమ. 1911 వరకు చిత్తూరు కూడా ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిదే. నేటికీ ఆంధ్రప్రదేశ్ నుండి ఎందరో రోగులు వేలూరుకు వైద్యం కోసం వస్తుంటారు.

ఒక్క మనిషి చేతులు ఎందరికి సేవ చేయగలవు? ఈ ప్రశ్న ఐడాను వేధించింది. అందుకే ఆమె 1909లో నర్సుల శిక్షణ పాఠశాలను, 1918 ఆగస్టు 12న స్త్రీల వైద్య పాఠశాలను ప్రారంభించింది. ఆడపిల్లలు వైద్యం చదవడానికి వస్తారా అని అధికారులు సందేహించారు. చేతిలో ఉన్న పుస్తకాలు, పరికరాలు స్వల్పం. సొంత భవనాలు కూడా లేవు. అయినా 1922లో మొదటి తరగతికి చెందిన 14 మంది విద్యార్థినులు పరీక్ష వ్రాయగా అందరూ ఉత్తీర్ణులయ్యారు. సందేహించినవారికి అదే సమాధానం అయింది.

వైద్య పాఠశాల పెరిగిన కొద్దీ విశాలమైన స్థలం అవసరమైంది. వేలూరు శివార్లలోని బాగాయంలో, చుట్టూ కొండలున్న లోయలో కళాశాల ఆవరణ వెలసింది. అక్కడ రాతి కట్టడాలు, గాలి వెలుతురు ధారాళంగా వచ్చే వసారాలు, ప్రార్థనా మందిరం, నేలమట్టానికి దిగువగా తీర్చిన పూలతోట ఉన్నాయి. ఐడాకు తోటలన్నా, ఆటలన్నా ఎంతో ఇష్టం. ముసలితనంలో కూడా ఆమె టెన్నిస్ ఆడేది. పగలంతా బాధను, మరణాన్ని చూచే విద్యార్థి మనసుకు చెట్టు నీడ, పూలతోట ఊరటనిస్తాయి. మనసు అలసిన వైద్యుడు రోగికి ధైర్యం చెప్పలేడు గదా!

తరువాత మరొక పరీక్ష ఎదురైంది. వైద్యులందరికీ విశ్వవిద్యాలయ పట్టం ఉండాలని మద్రాసు ప్రభుత్వం నిర్ణయించింది. పాఠశాలను కళాశాలగా పెంచకపోతే మూసివేయవలసినదే. అందుకు కావలసిన ధనం అపారం. అప్పటికి ఐడాకు 70 ఏళ్ళు. అయినా ఆమె అమెరికా వెళ్ళి ఊరూరా తిరిగి విరాళాలు సేకరించింది. సంస్థ నిలవాలంటే పురుషులను కూడా చేర్చుకోవాలని కొందరు సూచించారు. స్త్రీల కోసం ధనమిచ్చిన స్నేహితులు దీనికి ఒప్పుకోలేదు. ఐడాకు ఇది బాధాకరమైన విషయం. కాని తన పట్టుదల కంటె రోగుల మేలు ముఖ్యమని ఆమె తలచింది. 1947లో కళాశాల పురుషులకు కూడా తలుపులు తెరిచింది. ఐడా తరువాత ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయిన తొలి భారతీయ మహిళ డాక్టర్ హిల్డా లాజరస్ మన విశాఖపట్నంలో పుట్టిన వనిత.

ఐడా నాటిన విత్తనం ఆమె కళ్ళ ముందే మహావృక్షమైంది. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠువ్యాధి వలన ముడుచుకొనిపోయిన వేళ్ళకు శస్త్రచికిత్స చేసి వాటిని తిరిగి పనిచేయించాడు. అయితే చేయి బాగైనా పని దొరకక ఆ రోగులు బిచ్చమెత్తవలసి వచ్చేది. అందుకని బాగాయంలో నవజీవ నిలయం ఏర్పడింది. అక్కడ పెద్ద భవనాలు లేవు. పల్లెలోని ఇళ్ళ వంటి చిన్న ఇళ్ళే ఉండేవి. రోగులు వాటిలో నివసిస్తూ, స్పర్శ తెలియని చేతులకు గాయం కాకుండా జాగ్రత్తపడడం నేర్చుకున్నారు. వడ్రంగం పని, బొమ్మలు చేయడం అభ్యసించారు. బిచ్చానికి చాచిన చేయి బొమ్మను చెక్కింది. 1957లో వెలసిన మానసిక చికిత్సాలయంలో రోగితోపాటు కుటుంబంవారు కూడా ఉండే ఏర్పాటు జరిగింది. తనవారు తోడుంటే మనసుకు ధైర్యం కలుగుతుంది. రోగిని బాగుచేయడమంటే అతనిని తిరిగి తన ఇంటికి, తన పనికి, తనవారికి చేర్చడమే.

ఐడా పదవి విరమించి కొడైకెనాల్ కొండ మీది తన ఇంటిలో నివసించింది. ఆమె పేరు, ఇండియా అనే మాట మాత్రమే వ్రాసిన ఉత్తరం కూడా సరిగ్గా ఆమెకు చేరిందని చెబుతారు. 1960 మే నెలలో ఆమె తన 89 ఏళ్ళ వయసులో కన్నుమూసింది.

ఆమె పెళ్ళి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. ఒక రాత్రి ముగ్గురు తల్లులకు అందని వైద్యాన్ని, ఆ తరువాత లక్షలమందికి అందేటట్లు చేసింది. తన రెండు చేతులు చాలవని తెలుసుకొని, వేలకొలది చేతులకు ఆ విద్య నేర్పే సంస్థను నిలిపింది. నేడు వేలూరులో చదివిన వైద్యులు, నర్సులు దేశదేశాలలో సేవ చేస్తున్నారు. వారి చేతులలో ఐడా ఇంకా జీవించే ఉన్నది.