దామెర్ల రామారావు: సంతకం దక్కిన కుంచె

రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు పేరిట ఒక చిత్రశాల ఉంది. ఆయన 1897 మార్చి 8న ఆ పట్టణంలోనే జన్మించాడు. 1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయనను కబళించింది. అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లయినా నిండలేదు. ఆధునికాంధ్ర చిత్రకళకు ఆద్యుడన్న కీర్తి ఆ కొద్ది కాలంలోనే సంపాదించుకున్నాడు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినవాడు రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆంగ్లేయుడైన ఈ అధ్యాపకుడు స్వయంగా చిత్రకారుడు. అడివి బాపిరాజు వంటి యువకులను చేరదీసినవాడు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జే.జే. కళాశాలకు వెళ్లి, పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొందాడు. అయినా పాశ్చాత్య అనుకరణ వద్ద ఆగిపోలేదు. అజంతా రేఖను, వంగ చిత్రకారుల పునరుజ్జీవనాన్ని ఆకళించుకుని, తెలుగు స్త్రీల కట్టుబొట్టును, గోదావరి తీరాన్ని చిత్రాలలోకి తెచ్చాడు. సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకరణ, ఋష్యశృంగ బంధనం ఆయన ప్రసిద్ధ చిత్రాలు. స్వస్థలానికి తిరిగివచ్చి చిత్రకళాశాల నెలకొల్పాడు. భార్య సత్యవాణి సైతం కుంచె పట్టింది. ఆయన మరణానంతరం మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ శాలను నిలబెట్టాడు.

ఇంతవరకు అందరూ చెప్పుకునే కథే. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. రామారావుకు ముందు తెలుగునాట చిత్రకారులు లేరా?

ఉన్నారు, కులాల పేరిట ఉన్నారు. మచిలీపట్నం కలంకారీ వస్త్రాలు శతాబ్దాల క్రితమే పర్షియాకు, ఐరోపాకు తరలిపోయాయి. వాటిపై కలం నడిపినవారి సంతకాలు లేవు. చేర్యాల నకాషీలు పద్మశాలీల మార్కండేయ పురాణాన్ని, ఇతర కులాల పురాణాలను పటాలుగా గీశారు. ఆశ్రిత కులాలవారు ఆ పటాలను ఊరూరా విప్పి కథ చెప్పారు. కాకినాడ సమీపాన మాధవపట్నంలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలుపై రంగులు నింపి రామాయణాన్ని ఆడించారు. ఈ రూపకర్తలలో ఎవరి జీవితచరిత్రా మన పాఠ్యపుస్తకాలలో లేదు. వారి పనిని కులవృత్తి అన్నాం, రామారావు పనిని కళ అన్నాం.

ఇందులో రామారావు దోషం లేదు. ఆయన ప్రతిభ నిస్సందేహం. అయితే ఆ ప్రతిభ వికసించడానికి కళాశాల గల పట్టణం, ఇంగ్లీషు చదువు, చేయూతనిచ్చే గురువు, బొంబాయి ప్రయాణానికి కావలసిన వెసులుబాటు తోడయ్యాయి. ఆనాడు ఈ నాలుగూ ఒక్కచోట దొరికినవారు బహు కొద్దిమంది. దొరకనివారి బిడ్డలు తండ్రి పక్కన కూర్చుని పని నేర్చుకున్నారు. వారి పనితనం మిగిలింది, పేరు మిగలలేదు. చరిత్ర రాసినవారు ఈ తేడాను ప్రతిభలోని తేడాగా చూపించారు. కులం చేసిన అన్యాయం అక్కడ స్థిరపడింది.

రామారావు చిత్రశాలను దర్శించే విద్యార్థి ఆయనకు నమస్కరించాలి. ఆయన చిత్రాల పక్కన ఒక చేర్యాల పటం, ఒక కలంకారీ వస్త్రం, ఒక తోలుబొమ్మ ఎందుకు లేకూడదో కూడా అడగాలి. వాటిని ఆ గోడపైకి తెస్తే దామెర్ల కీర్తి తరగదు. తెలుగు చిత్రకళ ఆయనతోనే పుట్టిందనే అపోహ మాత్రం తొలగుతుంది. సంతకం లేని చేతులకు మనం చెల్లించవలసిన బాకీలో అది తొలి వాయిదా.