తమ్ముళ్లు కాదు, అన్నదమ్ములు పోయిన జబ్బే దారి చూపింది!

టెన్త్‌లో ఒకసారి తప్పితేనే జీవితం అయిపోయిందనుకుంటున్నారా? భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ వినండి. చిన్నప్పుడు కాశీ వెళ్లి అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోబోయాడు. తల్లి వెనక్కి తెచ్చింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గానీ గట్టెక్కలేదు.

తర్వాత ఇంటి మీద పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో సోదరులిద్దరు రోజుల తేడాలో కన్నుమూశారు. ఈ జబ్బులో పేగులు పోషకాలను పీల్చుకోలేవు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది, మనిషి నీరసించిపోతాడు. అప్పట్లో దీనికి సరైన మందు లేదు.

మద్రాసులో వైద్యం చదివేటప్పుడు ఖాదీ గౌను వేసుకున్నందుకు ప్రొఫెసర్‌కి కోపమొచ్చింది. ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. అయినా ఆగలేదు. మామగారి సాయంతో 1923లో బోస్టన్ చేరాడు. ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివాడు. రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించాడు. కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించినవాళ్లలో ఆయనా ఒకరు.

1940లో లెడర్లీ సంస్థలో చేరాక పాత గాయం మళ్లీ గుర్తొచ్చినట్టే పనిచేశాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. ఇది చాలకపోతే డీఎన్‌ఏ సరిగ్గా తయారుకాదు. ఎర్రరక్తకణాలు ముదరకుండానే పెద్దవిగా ఉబ్బుతాయి. అలసట, ఆయాసం, నోటిపూత మొదలవుతాయి. గర్భిణికి తొలి వారాల్లో లోపిస్తే బిడ్డ వెన్నెముక, మెదడు దెబ్బతినొచ్చు. స్ప్రూ రోగుల రక్తహీనతకూ ఇదే మందైంది.

ఇంకో విశేషం చూడండి. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలకూ ఈ విటమినే కావాలి. దాన్ని అందకుండా అడ్డుకునే మందులనూ ఆయన బృందమే చేసింది. వాటిలో మెథోట్రెక్సేట్‌ను నేటికీ వాడుతున్నారు. బోదకాలుకిచ్చే డీఈసీ, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా అక్కడివే.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే ఆయన వెళ్లిపోయాడు. అమెరికా వెళ్లాక మళ్లీ ఇంటి గడప తొక్కనే లేదు. నోబెల్ రాలేదు. కానీ ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులకు ఇచ్చే ఐరన్ ఫోలిక్ మాత్ర వెనక మన భీమవరం కుర్రాడున్నాడు. బయోకెమిస్ట్రీ, ఫార్మసీ వైపు చూస్తున్నారా? మార్కుల సంగతి తర్వాత. ముందు మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్నొకటి వెతుక్కోండి.