ఆల్ఫ్రెడ్ బ్యూఖీ

పరకాలనుండి వరంగల్లునకు ప్రత్తి మోయు లారీలలో నేడు పెక్కింటికి టర్బోచార్జరు కలదు. దానిని కనుగొన్న ఆల్ఫ్రెడ్ బ్యూఖీ 1879లో స్విట్జర్లాండునందలి వింటర్‌టూరున జన్మించెను.

ఇంధనశక్తిలో చాలభాగము వేడిపొగతో వ్యర్థమగుట అతనిని బాధించెను. ఆ పొగచే చక్రమును త్రిప్పి, దాని బలముతో ఇంజనులోనికి అధికవాయువును ఒత్తి పంపు ఉపాయమునకు 1905లో పేటెంటు పొందెను. కాని 1915 నాటి యంత్రము నిలకడగా పనిచేయలేదు. బ్యూఖీ వెనుదీయలేదు. చక్రము మంచిదైన చాలదు. పొగగొట్టములును, కవాటములు తెరచుకొను సమయమును దానికి పొసగవలెనని గ్రహించెను. ఒక సిలిండరు పొగ మరియొకదాని పొగకు అడ్డుపడకుండ గొట్టములను వేరుపరచెను. కవాటముల వేళలను సవరించెను. నేడు కారునకు పొగగొట్టము మార్చినవారు ఇంజనును మరల ఏల సవరింతురో దీనివలన తెలియును.

1925లో శ్రమ ఫలించెను. 1750 అశ్వశక్తి గల ఓడ ఇంజను 2500 అశ్వశక్తి నొసగెను. బ్యూఖీ 1959లో మరణించెను.