గుండెపోటు తరువాత పదమూడేళ్ళు: ఐజన్‌హోవర్ జీవితం

ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్యం గురించి ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు అడిగారు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి రిటైరైన నాకు గుండెజబ్బు అనగానే గుర్తుకు వచ్చే పేరు డ్వైట్ ఐజన్‌హోవర్. ఒకసారి గుండెపోటు వస్తే ఇక బ్రతుకే లేదని దిగులుపడేవారిని, నొప్పి తగ్గింది కదా అని మందులు మానేసేవారిని సర్వీసులో ఎందరినో చూశాను. ఆయన జీవితం ఈ ఇద్దరికీ పాఠమే.

1890లో టెక్సాస్ రాష్ట్రంలోని డెనిసన్‌లో సామాన్య కుటుంబంలో జన్మించారు. సైన్యంలో చేరి, 1944లో నార్మండీ దండయాత్రకు సారథ్యం వహించారు. 1953లో అమెరికా అధ్యక్షులయ్యారు. రోజుకు నాలుగు ప్యాకెట్ల సిగరెట్లు కాల్చే మనిషి, 1949లో ఒక్కసారిగా ఆ అలవాటు మానేశారు.

1955 సెప్టెంబరు 23న సెలవుపై డెన్వర్‌లో ఉండి గోల్ఫ్ ఆడుతుండగా కడుపులో ఇబ్బంది అనిపించింది. తిన్న ఉల్లిపాయలు పడలేదనుకున్నారు. తెల్లవారుజామున రెండు గంటల ప్రాంతంలో ఛాతీనొప్పి మొదలైంది. సొంత వైద్యుడు వచ్చి మార్ఫిన్ ఇంజక్షన్ ఇచ్చారు. అజీర్ణమనే బయటకు ప్రకటించారు. మధ్యాహ్నం ఇ.సి.జి. తీశాక గాని గుండెపోటు అని తేల్చి ఆసుపత్రిలో చేర్చలేదు.

బోస్టన్ నుంచి ప్రసిద్ధ హృద్రోగ నిపుణులు పాల్ డడ్లీ వైట్ వచ్చారు. గుండెపోటు రోగిని వారాల తరబడి కదలకుండా పడుకోబెట్టడం ఆనాటి పద్ధతి. అలా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. వైట్ గారు రోగిని త్వరగా కుర్చీలో కూర్చోబెట్టి, మెల్లగా నడిపించాలనే పక్షం. నవంబరు 11న అధ్యక్షుడు డెన్వర్ ఆసుపత్రి నుంచి బయటకు వచ్చారు.

గుండెపోటు వల్ల కండరం కొంత చచ్చిపోతుంది. ఆ చోట గోడ పలచబడి బయటకు ఉబ్బవచ్చు. ఆ ఉబ్బులో రక్తం నిలిచి గడ్డకడుతుంది. గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. అందుకే రక్తాన్ని పలుచన చేసే వార్ఫరిన్ ఇస్తారు. మొదట ఎలుకల మందుగా వాడిన ఈ పదార్థాన్ని ఐజన్‌హోవర్‌కు ఇచ్చాక దానిపై ప్రజలకున్న భయం తగ్గింది.

1956లో పేగుకు ఆపరేషన్ జరిగినా, అదే ఏడు నవంబరులో ఆయన తిరిగి ఎన్నికయ్యారు. 1957 నవంబరులో స్వల్పంగా పక్షవాతం వచ్చి కొద్దిరోజులు మాట తడబడింది. మరుసటి నెలలోనే పారిస్ సమావేశానికి వెళ్ళారు. 1959 డిసెంబరులో మన ఢిల్లీకి వచ్చినప్పుడు లక్షలాది జనం చూశారు. 1961 జనవరిలో పదవీకాలం ముగించి పొలానికి వెళ్ళారు.

1965 నుంచి మళ్ళీ గుండెపోట్లు వచ్చాయి. 1968లో వాల్టర్ రీడ్ ఆసుపత్రిలో ఉండగా గుండె లయ తప్పి, పలుమార్లు ఆగినంత పనయింది. విద్యుత్ షాక్ ఇచ్చి బ్రతికించారు. చివరకు గుండె రక్తాన్ని నెట్టలేని స్థితికి చేరింది. ఊపిరితిత్తులలో నీరు చేరడం, ఆయాసం, కాళ్ళవాపు ఈ స్థితి లక్షణాలు. 1969 మార్చి 28న, 78వ ఏట కన్నుమూశారు.

మొదటి పోటు నాటికి ఆయనకు గడ్డను కరిగించే మందులు లేవు, స్టెంట్లు లేవు. అయినా పదమూడేళ్ళకు పైగా బ్రతికి, అందులో అయిదేళ్ళు దేశాన్ని పాలించారు. మనకు ఇవన్నీ ఉన్నాయి గాని, గ్యాస్ అనుకొని గంటలు గడిపేస్తున్నాం. ఛాతీలో బరువు, చెమట, ఎడమచేయి లాగడం కనిపిస్తే సోడా త్రాగుతూ కూర్చోక 108కు ఫోన్ చేయండి. ఇంటికి వచ్చాక వైద్యుడు చెప్పిన మేరకు నడవండి. వార్ఫరిన్ వాడేవారు క్రమం తప్పక రక్తపరీక్ష చేయించుకోండి. నొప్పి మాత్రలు, నాటుమందులు అడగకుండా కలపవద్దు. కొత్తగా ఆయాసం, కాళ్ళవాపు వస్తే వయసు మీద పడిందని వదిలేయక, వెంటనే చూపించుకోండి.