సరోజినీదేవి విదేశప్రయాణము

గత వేసవియందు, బొగ్గుబాయిలో ముప్పదియేండ్లు పనిచేసి విశ్రాంతి గైకొనిన యొక పెద్దమనుష్యుడు తన కొమార్తెను వెంటబెట్టుకొని రామకృష్ణాపూరునందలి మా యింటికి వచ్చెను. ఆ బాలిక రెండేండ్ల చదువునకై విదేశమునకు బోవలసియున్నది. బ్యాంకువారి యప్పునకు సంబంధించిన జామీను పత్రములను సరిచూచి సంతకములు చేయించుకొనుటకై వారు వచ్చిరి. పని యరగంటలో ముగిసెను గాని వారు రెండుగంటలవఱకును లేవలేదు. తండ్రి వడ్డీని గూర్చియు వాయిదాలను గూర్చియు నడుగుచునే యుండెను. బాలిక యేమియు నడుగక తన చేతిసంచి పట్టీని చుట్టుచు విప్పుచు గూర్చుండెను. తుదకు నేనే సంశయమేమని ప్రశ్నింపగా, అక్కడ జ్వరము వచ్చినయెడల నెవరు చూతురని యామె మెల్లగా నడిగెను. నేను చదివిన న్యాయశాస్త్రమున దీనికి సమాధానము లేదు. అప్పుడు నాకు, పదునాఱేండ్ల ప్రాయమున నట్టి భయముతోనే హైదరాబాదు విడిచిన సరోజినీదేవి జ్ఞప్తికి వచ్చెను. ఆ బాలికకు జెప్పిన కథనే కొంత విస్తరించి యిచట వ్రాయుచున్నాను.

సరోజినీనాయుడుగారి పేరు వినని వారు మన దేశమున నరుదు. 1925లో కాన్పూరునందు జరిగిన కాంగ్రెసుమహాసభకు అధ్యక్షత వహించినదియు, 1930లో ధారాసనమున నుప్పుకొటారుల యెదుట సత్యాగ్రహులను నడిపినదియు, స్వాతంత్ర్యానంతరము సంయుక్తరాష్ట్రములకు గవర్నరై 1949 మార్చి 2వ తేదీని లక్నోనగరమున గాలధర్మము నొందినదియు నీమెయే. సభలలో నామె వాగ్ధాటిని విన్నవారు, ఈమె పుట్టుకతోనే భయమెఱుగనిదని తలంచియుందురు. అది నిజము కాదు. 1895లో ఇంగ్లాండునకు బయలుదేరిన కన్య, ఇష్టము లేకయే పంపబడినది. అంతకుముందే యొకమాఱు ఆరోగ్యము చెడి మంచమెక్కినది. మనస్సు నింటియొద్దనే యొకరికి సమర్పించి పోవుచున్నది.

ఈమె జనకుడైన అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు తూర్పుబంగాళమందలి విక్రమపురప్రాంతమువారు. కేశవచంద్రసేనుని సాంగత్యమున బ్రాహ్మసమాజమున జేరినవారు. గిల్‌క్రిస్టు విద్యార్థివేతనము నొంది ఎడిన్‌బరోకు బోయి, 1877లో శాస్త్రాచార్యపట్టము గడించిరి. ఆ సంవత్సరములలో వారి భార్య వరదాసుందరీదేవి కేశవచంద్రుడు స్థాపించిన భారతాశ్రమమున నివసించుచు జదువు నేర్చుకొనుచుండెను. అనగా విదేశమునకు బోయినవానికై యెదురుచూచుట యెట్టిదో యా యిల్లాలికి బిడ్డలు పుట్టకమునుపే తెలియును. 1878లో వారు హైదరాబాదునకు వచ్చి, ఇంగ్లీషు విద్యాలయమొకటి స్థాపించిరి. అదియే క్రమముగా నిజాము కాలేజీగా బరిణమించెను. మఱుసటి సంవత్సరము ఫిబ్రవరి 13వ తేదీని సరోజిని జన్మించెను. ఎనమండుగురు సంతానములో నీమెయే జ్యేష్ఠ.

మా ప్రాంతమువారు అఘోరనాథులవారిని మఱువరాని కారణ మొకటి గలదు. 1883లో నిజాము ప్రభుత్వము, వరంగల్లు మీదుగా బెజవాడకును, చందాకును, అనగా నేటి చంద్రపురమునకును, ఇనుపదారి వేయించుటకై యాంగ్లేయ వర్తకసంఘముతో నొడంబడిక చేసికొన దలపెట్టెను. బొగ్గుగనులుగల ప్రదేశములకు దారి కావలసినదే; కాని యా యప్పు భారము ప్రజలపై నెంతపడునో, షరతు లెట్టివో బహిరంగముగా విచారింపవలెనని ముల్లా అబ్దుల్ ఖయ్యూము మొదలగువారితో గలిసి అఘోరనాథులవారు గోరిరి. ఒడంబడికను ముందు చదువుద మనుటయే వారు చేసిన నేరము. ఆ సంవత్సరము మే నెలలో వారిని ఉద్యోగమునుండి తొలగించి రాజ్యమునుండి వెడలగొట్టిరి. కొన్ని సంవత్సరములకు మరల బిలిపించి యుద్యోగ మిచ్చిరి. కాజీపేటనుండి మంచిర్యాల మీదుగా చందావైపునకు బోవు రైలుదారి 1920 తరువాతి దశకమున బూర్తియయ్యెను. నేడు మా యూరిబొగ్గు వ్యాగనుల కెక్కి పోవునది యా దారినే. నాలుగేండ్ల సరోజినికి దండ్రి బహిష్కారమునకు అర్థము తెలిసియుండదు గాని, ఇల్లు విడిచిపోవుట యనునది యా కుటుంబమున బిల్లలాటలోని మాట కాదని మాత్రము తోచుచున్నది.

అఘోరనాథులవారు పుత్రికను గణితశాస్త్రజ్ఞురాలినో విజ్ఞానశాస్త్రజ్ఞురాలినో చేయ సంకల్పించిరి. బాల్యమున నామె యింగ్లీషు మాటలాడుటకు మొండికేయగా, తొమ్మిదేండ్లప్పుడు తండ్రి యొక దినమెల్ల గదిలో నొంటరిగా నుంచి శిక్షించిరనియు, గది వెడలినది మొదలు తండ్రితో నింగ్లీషే మాటలాడితిననియు నామెయే తరువాత నొక మిత్రునికి వ్రాసియున్నది. ఆ శిక్షను నేను మెచ్చజాలను. సంస్కర్తల యిండ్లలోను బిడ్డలపై జులుము లేకపోలేదు. పదునొకండవయేట బీజగణితపు లెక్క యొకటి తెగకపోగా, దాని స్థానమున బద్యము వచ్చెనట. పండ్రెండవయేట మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షయం దుత్తీర్ణురాలై దేశమెల్ల బేరు పొందెను. పదుమూడవయేట నాఱు దినములలో బదుమూడువందల పంక్తుల కావ్యము వ్రాసెను. ఆ వెంటనే యారోగ్యము చెడి, క్రమమైన చదువు విడువవలసివచ్చెను. పదునాలుగు మొదలు పదునాఱవయేటివఱకు నింటియొద్దనే యుండి చేతికందిన పుస్తకమెల్ల జదివెను.

ఆ కాలముననే ముత్యాల గోవిందరాజులు నాయుడుగారి పరిచయము గలిగెను. ఆయన తెలుగువాడు, ఎడిన్‌బరోలో వైద్యవిద్య నేర్చి, నిజాముగారి కొలువున వైద్యుడుగా నుండెను, ఈమెకంటె సుమారు పదియేండ్లు పెద్ద. ఈమె బ్రాహ్మణకన్య, ఆయన బ్రాహ్మణేతరుడు. ఈ వివాహమునకు వధువు పక్షమువారే కాక వరుని పక్షమువారును సమానముగా నెదురుచెప్పిరి. కులభేదము కూడదని బోధించు గృహమునందే యీ యడ్డు వచ్చుట చదువరులకు వింతగా దోపవచ్చును. నాకు వింత గాదు. ఇతరుల కొమార్తెలకు వర్ణాంతరవివాహము చేయుడని వేదికపై జెప్పి, ఇంట నామాట వచ్చినప్పుడు జాతకమును, వయస్సును, ఆరోగ్యమును ముందిడువారిని నావృత్తిలో జాలమందిని జూచితిని. అఘోరనాథుల పక్షమున నొక మాట చెప్పవలెను. వారి పుత్రిక పదునాఱేండ్లది, దేహము దుర్బలము, అట్టిదానికి వెంటనే పెండ్లి వద్దనుట బాల్యవివాహములను ఖండించిన వారికి దగినదే.

ఇంతలో నొక యవకాశము తటస్థించెను. ఆమె మెహర్ మునీర్ అను నాటకమొకటి పారసీకమున రచించియుండగా, దండ్రి దాని ప్రతిని ఆఱవ నిజామగు మహబూబ్ అలీఖానుగారికి సమర్పించిరి. ప్రభువు మెచ్చి, ఇంగ్లాండున జదువుకొనుటకు దారిఖర్చులతోపాటు ఏటికి మున్నూఱు పౌనుల వేతన మేర్పఱచెను. పై కది గౌరవము. ఆమె మనస్సునకు మాత్ర మది గోవిందరాజులు గారినుండి తన్ను వేఱుచేయు నుపాయముగా గనబడెను. వేతనమును నిరాకరించుట కామెకు దరము గాలేదు. ఆనందించుటకును దరము గాలేదు.

1895లో నట్టి ప్రయాణ మెట్టిదో నేటివారు కొంచె మూహింపవలెను. పాస్‌పోర్టు చిక్కు లేదు. మన దేశమున దానిని గూర్చిన చట్టము 1920లో గాని రాలేదు. అధికారులు గాక సముద్రమే యడ్డము. రైలున వాడీ మీదుగా బొంబాయి చేరి, అచట బొగ్గుపొగయోడ నెక్కి, సూయజు కాలువదారిని సుమారు మూడువారములు పోవలసియుండెను. ఇంటినుండి వ్రాసిన యుత్తరము చేరుటకు రెండుమూడు వారములు పట్టును. ప్రత్యుత్తరమునకు మరల నంత. బిడ్డకు జ్వరము వచ్చినదని తల్లి చదువునప్పటి కా జ్వరము తగ్గియైనను నుండును, లేక మఱియొకటియైనను జరిగియుండును. సముద్రయానము జేసినవారిని వెలివేయు నాచారము బ్రాహ్మగృహమున లేదు. కాని భయమునకు వేఱు కారణములు గలవు. రామమోహనరాయలు 1830 నవంబరులో నోడ నెక్కి, 1833లో బ్రిస్టలునందు గన్ను మూసిరి. ద్వారకానాథఠాకూరుగారు 1846లో లండనునందే మరణించిరి. అంతకంటె దగ్గఱి కథ ఆనందీబాయి జోషీది. ఆ మహారాష్ట్ర యువతి 1883లో నమెరికాకు బోయి, 1886లో వైద్యపట్టము గైకొని, క్షయరోగముతో దిరిగివచ్చి, 1887 ఫిబ్రవరిలో నిరువదియొకటవయేట మరణించెను. కేశవచంద్రుడు 1870లో బోయి క్షేమముగా వచ్చెను, అఘోరనాథులును వచ్చిరి; నిజమే. కాని బలహీనమైన బిడ్డను బంపు తల్లి క్షేమముగా వచ్చినవారిని లెక్కపెట్టుకొనదు.

ఇంగ్లాండునందు జ్వరము వచ్చిన నెవరు చూతురను ప్రశ్న కామెకు దొరికిన సమాధానము మానింగుదొరసాని. జాతీయ భారతసంఘమునకు జిరకాలము కార్యదర్శినియైయుండి, మనదేశమునుండి వచ్చు విద్యార్థులను దన గృహమున నాదరించిన యవివాహిత యామె. ఆ పరాయియూర నెక్కడకు బోవలెనో తెలియని మనవారి కెందఱికో యా యిల్లే పుట్టిల్లయ్యెను. కేంబ్రిడ్జియందలి గర్టన్ కళాశాలకు దగిన వయస్సు రానందున సరోజిని మొదట లండనులో కింగ్సుకాలేజీయందు జదివి, పిమ్మట గర్టనునకు బోయెను. చదువు మనస్సున కెక్కలేదు. ఆ కాలమున కేంబ్రిడ్జివారు స్త్రీలను బాఠములు విననిచ్చుచుండిరి గాని పట్టము లిచ్చుచుండలేదు; 1897 మే నెలలో నీ విషయమై యోట్లు తీసికొనగా, స్త్రీలకు బట్టము లీయవలదనియే విశేషాధిక్యముతో దీర్మానమయ్యెను. 1948లో గాని యా తలుపు తెఱవబడలేదు. ఎన్ని సముద్రములు దాటి పోయినను నచటివారి స్త్రీలకే లేనిది మన బాలిక కెట్లు దొరకును?

ఆమెకు లాభించిన చదువు మానింగుదొరసాని యింట దొరకెను. అచటనే విమర్శకుడగు ఎడ్మండు గాస్‌తో బరిచయమయ్యెను. బాలిక తన పద్యముల కట్ట నాయన చేతికిచ్చెను. అందు నింగ్లాండు పక్షులు, ఇంగ్లాండు తోటలు, ఇంగ్లాండు ప్రకృతి తప్ప మఱేమియు లేదు. ఆయన నిర్మొగమాటముగా, ఇవి చిత్తుకాగితముల బుట్టకు దగినవనియు, తన దేశపు గొండలను, పువ్వులను, దేవాలయములను, జనులను గూర్చి వ్రాయవలసినదనియు జెప్పెను. పదునేడేండ్లది ఇల్లు విడిచి వచ్చి, తెచ్చిన మూట యంతయు బాఱవేయుమనగా వినుట సామాన్యము గాదు. ఆమె వినెను. దక్కనును గూర్చిన కవిత్వ మామె నేర్చుకొన్నది లండనులో. 1905లో బ్రకటింపబడిన స్వర్ణద్వారమను నర్థముగల తొలి కావ్యసంపుటమును నామె యా గాస్ గారికే యంకిత మిచ్చెను.

తల్లి భయపడినది కొంత జరిగెను. ఆరోగ్యము మరల జెడెను. ఇటలీదేశమున గొంతకాలము తిరిగి సేదదీర్చుకొనెను. అచటి యెండయు వర్ణములు నామెకు బ్రాణము పోసెను. పట్టము లేకయే 1898 సెప్టెంబరులో హైదరాబాదునకు మరలివచ్చెను. మూడేండ్ల ప్రవాసము మఱపు కలిగించునని యెవరైన నాశించియుండినయెడల వారి యాశ విఫలమయ్యెను. ఆ యేడు డిసెంబరు 2వ తేదీని మద్రాసునందు గోవిందరాజులుగారితో నామె వివాహము జరిగెను. పౌరోహిత్యము వహించినవారు మన కందుకూరి వీరేశలింగము పంతులుగారు.

ఇచట న్యాయవాదిగా నొక మాట చెప్పకుండలేను. ఆ వివాహము 1872వ సంవత్సరపు మూడవ చట్టము ననుసరించి జరిగెను. అది బ్రిటిషు ఇండియా శాసనము. నిజాము రాజ్యమున దనంతట వర్తింపదు. కావుననే మద్రాసునకు బోవలసివచ్చినదని తలంచెదను. ఆ చట్టము ప్రకారము వధూవరులు తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతములలో దేనికిని జెందినవారము గామని ప్రకటింపవలసియుండెను. అది యెందఱికో బాధగా నుండెను. మఱియొక నిబంధన ముఖ్యము. ఇరువదియొకటి నిండనివారికి దండ్రి యంగీకారమో సంరక్షకుని యంగీకారమో యుండవలెను. ఆమె కప్పటికి బందొమ్మిదేండ్లే. కాగా 1895లో నిరాకరింపబడినది 1898లో నంగీకరింపబడి తీరవలెను. కొమార్తెను దూరమునకు బంపిన తండ్రికి, ఆ దూరమే పాఠము చెప్పినదని నేను భావింతును. అఘోరనాథులవారు ఆ చట్టమును హైదరాబాదు రాజ్యమునను బ్రవేశపెట్టవలెనని పాటుపడినవారు గూడ.

తరువాతి చరిత్ర సర్వజనవిదితము. 1908 మూసీవరదలలో జేసిన సేవకు దొరతనమువారు బంగారుపతకమిచ్చిరి. జలియన్‌వాలాబాగు పిదప నామె దానిని మరలించెను. ఇంగ్లాండునకు, ఆఫ్రికాకు, అమెరికాకు నెన్నిమాఱులో పోయివచ్చెను. అదే యింటినుండి యింగ్లాండునకు బోయిన తమ్ముడు వీరేంద్రనాథుని గతి వేఱు. సివిలుసర్వీసు పరీక్షకై పోయి, విప్లవకారులలో జేరి, మరల జన్మభూమిని జూడక, 1937లో సోవియట్ దేశమున మరణశిక్ష పాలయ్యెను. ఈ సంగతి నా యెదుట గూర్చున్న బాలికకు నేను జెప్పలేదు. తండ్రి మాత్రము పుస్తకమున జూచి, తరువాత నన్ను వేఱుగా నడిగెను.

ఆ బాలిక వానకాలమున బయలుదేరెను. మంచిర్యాల స్టేషనునకు నేనును బోయితిని. రైలు రాకమునుపు తల్లి పెట్టెను ప్లాట్‌ఫారముపై మఱియొకమాఱు విప్పించెను. విమానమువారు బరువు మీఱనీయరని కొమార్తె మొఱపెట్టుచుండగా, ఆమె యావకాయ సీసాలలో నొకదానిని దీసి నా చేతికిచ్చి, ఆ చోట థర్మామీటరును మాత్రల పొట్లమును జొనిపి, మూత వేసెను.