షేర్షా సూరీ - పొలిమేర పూచీ

షేర్షా పేరు వినగానే మన విద్యార్థులకు స్ఫురించేది రహదారి, రూపాయి నాణెము. ఆ రహదారిపై నడిచే బాటసారి ప్రాణానికి పూచీ ఎవరిదన్న ప్రశ్నను ఆయన ఏ విధంగా పరిష్కరించినాడో తెలిసినవారు తక్కువ. మేము చెప్పదలచినది ఆ విషయమే.

ఆయన అసలు పేరు ఫరీద్. తండ్రి హసన్ ఖాన్ ససారాం జాగీర్దారు. ఇంటి కలహాల వలన జౌన్‌పూరు చేరి అరబీ, ఫార్సీ అభ్యసించినాడు. పిమ్మట తండ్రి పరగణాలను స్వయంగా పాలించి, పల్లె గుట్టు తెలిసికొన్నాడు. 1539లో చౌసా వద్ద, 1540లో కనౌజ్ వద్ద హుమాయూనును ఓడించి ఢిల్లీ పాదుషా అయినాడు.

రాజ్యం సర్కారులుగా, సర్కారులు పరగణాలుగా ఉండేవి. పరగణాలో శాంతిభద్రతలకు శిక్దారు, భూమిశిస్తుకు, తగవులకు మున్సిఫు. సర్కారులో వీరిపై అదే తీరున ఇద్దరు పెద్ద అధికారులు. (1984లో రద్దయిన మన గ్రామ మునసబు పదవి పేరు ఈ మాటకు చుట్టమే.) అన్నిటికీ అడుగున గ్రామపెద్ద, అనగా ముఖద్దము. పొలిమేరలో దొంగతనం జరిగితే దొంగను పట్టి ఇవ్వవలె, లేదా నష్టం భరించవలె. దొంగ పొరుగూరివాడని నిరూపిస్తే పూచీ ఆ ఊరికి మారేది. హంతకుడు దొరకకపోతే ముఖద్దము తలకే ముప్పు.

మరి పొలిమేరే వివాదంలో ఉంటే? ఇటావా ప్రాంతంలో రెండు ఊళ్లు తగవులాడుకొనే నేలపై ఒక హత్య జరిగినది. ఎవరినడిగినా తెలియదన్నారు. షేర్షా ఇద్దరు మనుషులను పంపి అక్కడి చెట్టును నరకమన్నాడు. అడ్డువచ్చినవానిని పట్టి తెమ్మన్నాడు. గొడ్డలి దెబ్బ పడగానే ఒక ముఖద్దము పరుగున వచ్చి చిక్కినాడు. అంత దూరాన చెట్టు కొట్టడం తెలిసినవారికి మనిషి మెడ తెగడం తెలియదా అని పాదుషా నిలదీసినాడు. మూడు దినాల గడువు పెట్టగా, హంతకులు బయటపడినారు.

ఈ వృత్తాంతం వ్రాసిన అబ్బాస్ ఖాన్ సర్వానీ, అక్బరు ఆజ్ఞపై గ్రంథరచనకు పూనుకొన్న ఆఫ్ఘను. స్వజాతి ప్రభువుపై అతనికి అభిమానం మెండు. కనుక కొంత తగ్గించి చదువుకోవలె. పైగా ఒకరి నేరానికి వేరొకరి తల తాకట్టు పెట్టుట న్యాయమని మేము అంగీకరింపజాలము. దండనకు జడిసిన పెద్ద నిరపరాధిని పట్టి ఇచ్చిన సందర్భాలు ఉండకపోవునా? అయినా నేరం మా హద్దులోది కాదని చేతులు దులుపుకొనే అధికారికి ఆ పాలనలో చోటు దొరకలేదు.

1545 మే నెలలో కాలింజర్ కోట ముట్టడిలో మందుగుండు పేలి షేర్షా మరణించినాడు. ససారాంలో చెరువు నడుమ ఆయన సమాధి నేటికీ ఉన్నది.