మరణాల లెక్కలో దొరికిన జాడ

జాన్ స్నో 1813 మార్చి 15న ఇంగ్లండులోని యార్క్ నగరంలో ఒక శ్రామిక కుటుంబంలో జన్మించాడు. పద్నాలుగవ ఏట న్యూకాజిల్‌లోని ఒక వైద్యుని వద్ద శిష్యునిగా చేరాడు. కలరా మొదటిసారి ఇంగ్లండుపై విరుచుకుపడినప్పుడు గురువు ఆయనను కిల్లింగ్‌వర్త్ బొగ్గుగని కార్మికుల చికిత్సకై పంపాడు. అప్పటికి స్నో ఇంకా విద్యార్థియే. చేతులు కడుక్కునే వీలైనా లేని గని లోపలే కార్మికులు భోజనం చేసేవారు. ఆ దృశ్యం ఆయన మనస్సులో నిలిచిపోయింది.

అనంతరం లండను చేరి, 1844లో ఎం.డి. పట్టం పొందాడు. మత్తుమందుల ప్రయోగంలో నిపుణునిగా పేరుగాంచి, 1853లో విక్టోరియా రాణికి ప్రసవ సమయంలో క్లోరోఫాం ఇచ్చాడు. దుర్గంధంతో నిండిన చెడుగాలి వల్లనే కలరా సోకుతుందని ఆనాటి వైద్యులు దృఢంగా నమ్మేవారు. వాయువుల స్వభావం బాగా ఎరిగిన స్నో మాత్రం దీనిని అంగీకరించలేదు. వ్యాధి పేగులలో మొదలవుతున్నది కనుక అది నోటి ద్వారానే, ముఖ్యంగా కలుషిత జలం ద్వారా ప్రవేశిస్తుందని 1849లో ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. దానిని పట్టించుకున్నవారు స్వల్పం.

1854 ఆగస్టు చివర లండనులోని బ్రాడ్ వీధి పరిసరాలలో కలరా చెలరేగింది. పది దినాలలో ఐదు వందల మందికి పైగా మరణించారు. స్నో జనన మరణాల నమోదు కార్యాలయానికి వెళ్లి, ఆ వారంలో నమోదైన 83 మరణాల జాబితా తెచ్చుకొని, మృతుల ఇళ్లను వెదుక్కుంటూ బయలుదేరాడు. దాదాపు అన్ని ఇళ్లూ బ్రాడ్ వీధి పంపుకు చేరువలోనే ఉన్నాయి. పది ఇళ్లు మాత్రం వేరే పంపులకు దగ్గరగా ఉన్నాయి. వాటిలోనూ ఐదు కుటుంబాలవారు బ్రాడ్ వీధి నీటినే తెప్పించుకునేవారు. మరి మూడు ఇళ్లలో చనిపోయినవారు ఆ పంపు సమీపంలోని బడికి వెళ్లే పిల్లలు. నేడు కంప్యూటరు క్షణంలో కూర్చి చూపే పటాన్ని ఆనాడు ఆయన గడపగడపకూ తిరిగి సిద్ధం చేయవలసివచ్చింది.

మరణించనివారిని కూడా ఆయన లెక్కించడం విశేషం. ఆ ప్రాంతంలోని పేదల వసతిగృహంలో 535 మంది ఉండగా ఐదుగురే చనిపోయారు. అక్కడ సొంత బావి ఉంది. బీరు కర్మాగారంలోని కార్మికులు బీరు తాగేవారే గాని ఆ పంపు నీటి జోలికి పోయేవారు కారు. వారిలో ఒక్కరూ మరణించలేదు. ఇందుకు విరుద్ధంగా, ఎంతో దూరాన హాంప్‌స్టెడ్‌లో నివసించే ఒక వితంతువు కలరాతో మృతిచెందింది. ఆ నీటి రుచి మీది మక్కువతో ఆమె ప్రతిదినం బండిలో తెప్పించుకునేదని విచారణలో తేలింది.

సెప్టెంబరు 7వ తేదీ సాయంత్రం స్నో ఈ వివరాలను స్థానిక పాలక సంఘం ముందుంచాడు. మరునాడు పంపు పిడి తొలగించారు. అప్పటికే జనం భయంతో పారిపోవడం వల్ల వ్యాధి తగ్గుముఖం పట్టిందని స్నో నిజాయితీగా ఒప్పుకున్నాడు.

ఇంతకంటె బలమైన సాక్ష్యం దక్షిణ లండనులో లభించింది. అక్కడ ఒకే వీధిలో రెండు కంపెనీల గొట్టాలు సాగేవి. లాంబెత్ కంపెనీ 1852 నుండి నగర మురుగు కలవని ఎగువ ప్రాంతంలో థేమ్స్ నీటిని తీసుకొనేది. సదర్క్ వాక్స్‌హాల్ కంపెనీ మురుగు కలిసే చోటనే తోడేది. ఏ ఇంటికి ఏ నీరు వస్తున్నదో ఇంటివారికే తెలియనప్పుడు, స్నో ఆ నీటిలోని ఉప్పును పరీక్షించి నిర్ణయించేవాడు. ఆ ఏడాది ఏడు వారాల లెక్క తేల్చగా, పదివేల ఇళ్లకు లాంబెత్ నీరు వాడినవారిలో 37, రెండవ కంపెనీ నీరు వాడినవారిలో 315 మరణాలు కనిపించాయి. గాలి అందరికీ ఒకటే, నీరే వేరు.

అయినప్పటికీ ప్రభుత్వ వైద్య సంఘం ఆయన నిర్ణయాన్ని తోసిపుచ్చింది. దానిని ఖండించాలనే పట్టుదలతో సొంతంగా విచారణ చేపట్టిన హెన్రీ వైట్‌హెడ్ అనే యువ మతాచార్యుడు చివరకు స్నో పక్షం వహించాడు. వ్యాధి సోకిన ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీరు, బావిని ఆనుకొని ఉన్న మలగుంటలో పోశారని ఆయనే కనుగొన్నాడు.

1858 జూన్ 16న, నలభై ఐదవ ఏట, స్నో పక్షవాతంతో మరణించాడు. 1866లో తూర్పు లండనులో కలరా తిరిగి వచ్చినప్పుడు, ఒకప్పుడు చెడుగాలిని నమ్మిన గణాంకవేత్త విలియం ఫార్ మరణాల పట్టికలతో నీటి కంపెనీనే పట్టుకున్నాడు. నీరు కాచి తాగవలసిందని ప్రజలను హెచ్చరించారు.